99 ఎ.పి.ఓ.

మా కళాశాలలో కొత్తగా చేరిన విద్యార్థులు ఏటా నన్నొక ప్రశ్న అడుగుతారు: "మాస్టారూ, మీదే ఊరు?" తెలుగు మాస్టారి ఊరు తెలిస్తే ఆయన మాటకు మూలం తెలుస్తుందని వాళ్ళ ఊహ కాబోలు. నేను ఉద్దానం అంటాను. అది అబద్ధం కాదు. మా నాన్నా, తాతా పుట్టింది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోనే. నేను పుట్టిందీ అక్కడే. కాని తొమ్మిదో ఏటి నుంచి పన్నెండో ఏడు వచ్చేదాకా, అంటే లోకమంటే ఏమిటో తెలియడం మొదలయ్యే వయసులో, నేను పెరిగింది భూటాన్ దేశంలో. ఈ సంగతి చాలాకాలం నేను ఎవరికీ చెప్పలేదు. విద్యార్థి ఉద్యమంలో తిరిగిన రోజుల్లో బుద్ధిపూర్వకంగానే దాచాను. ఎందుకు దాచానో, ఇప్పుడెందుకు చెప్పదలిచానో వివరించడమే ఈ వ్యాసం పని.

మా నాన్న సైన్యంలో హవల్దారు. వైద్య విభాగంలో నర్సింగ్ అసిస్టెంటు. ఆయన తుపాకీ కాల్చడం నేర్చినవాడే గాని, నేను ఆయన చేతిలో చూసింది ఎప్పుడూ కత్తెరా, దూదీ, గుడ్డకట్టూ. సైన్యంలో ఎందుకు చేరావని అడిగితే దేశం కోసమని ఆయన ఎన్నడూ అనలేదు. ఎకరం జీడితోటా, నలుగురు అన్నదమ్ములూ, వాళ్ళలో పదో తరగతి ప్యాసయినవాడు తనొక్కడూ. ఇంతే ఆయన చెప్పే కారణం. ఉత్తరాంధ్రలో సైన్యానికి వెళ్ళిన రైతుబిడ్డల్లో చాలామంది కారణం ఇదే. వాళ్ళను దేశభక్తులని పొగిడేవాళ్ళూ, కిరాయి మనుషులని తీసిపారేసేవాళ్ళూ కూడా ఈ ఎకరం భూమి లెక్క వేసి చూడరు.

1962 నుంచి భారత సైనిక శిక్షణ బృందం ఒకటి భూటాన్‌లో పనిచేస్తున్నది. ఆ దేశపు సైన్యానికి తర్ఫీదు ఇవ్వడం దాని పని. దాని స్థావరం పశ్చిమాన హా అనే లోయలో ఉంది. 1997లో మా నాన్నను అక్కడి ఆసుపత్రికి వేశారు. కుటుంబాన్ని తీసుకు వెళ్ళే వీలు దొరికింది. ఆ మూడేళ్ళూ మాకు వచ్చిన ప్రతి ఉత్తరం మీదా నాన్న నంబరూ, పేరూ, చివర "కేరాఫ్ 99 ఎ.పి.ఓ." అని ఉండేది. సైనికుడున్న చోటు పైకి తెలియకూడదు గనక చిరునామాలో ఊరి పేరు ఉండదు, దేశం పేరు ఉండదు. ఉన్నదల్లా ఒక అంకె.

మా నాయనమ్మకు చదువు రాదు. పోస్టుమాను చేత ఉత్తరాలు చదివించుకునేది. తన కొడుకు ఏ ఊళ్ళో ఉన్నాడో ఆ కవరు మీద లేదని తెలిసి చాలా కంగారుపడింది. ఆఖరికి ఆమె తనకు తెలిసిన ఒకే ఒక విదేశం పేరు ఖాయం చేసుకుంది. అడిగినవాళ్ళకల్లా "మా వోడు రంగమెల్లినాడు" అని చెప్పేది. రంగమంటే రంగూన్. ఆమె తండ్రి రంగం వెళ్ళినవాడే, రేవులో మూటలు మొయ్యడానికి. 1942లో జపాను సైన్యం వస్తున్నదని లక్షలాది జనం కాలినడకన బయలుదేరినప్పుడు ఆయన కూడా బయలుదేరాడని విన్నారు. ఊరు మాత్రం చేరలేదు. అంచేత నాయనమ్మ దృష్టిలో దేశం దాటడమంటే రంగం వెళ్ళడమే. నేను సెలవులకు వచ్చినప్పుడు ఆమె భూగోళ జ్ఞానానికి నవ్వాను. ఇప్పుడు నవ్వలేను. కారణం తర్వాత చెబుతాను.

పలాసలో రైలెక్కి, కలకత్తాలో మారి, ఉత్తర బెంగాల్‌లో తేయాకు తోటల మధ్య హాసీమారాలో దిగాం. అక్కణ్ణించి జైగావ్. ఆ ఊరి వీధి చివర ఒక గేటుంది. అది దాటితే భూటాన్. అక్కణ్ణించి థింపూ దాకా సుమారు 170 కిలోమీటర్ల రోడ్డును 1961లో మొదలైన దంతక్ పథకం కింద మన దేశమే వేసింది. అంతకు ముందు ఆ దూరానికి ఆరు రోజుల నడక పట్టేదట. దారిలో ఒకచోట కొండచరియ విరిగిపడి బండి ఆగింది. రోడ్డు పక్కన ఆడవాళ్ళు రాళ్ళు కొడుతున్నారు. ఒకామె వీపున పసిబిడ్డ. వెనక నల్ల తార్పాలిన్ గుడిసె. వాళ్ళు సంథాల్ పరగణాల నుంచి వచ్చిన కూలీలని డ్రైవరు చెప్పాడు. మా అమ్మ వాళ్ళ చేతుల వంకే చూస్తూ, "మన పలాసలో పిక్కలు కొట్టే ఆడోళ్ళ చేతులిలాగే ఉంటాయి" అంది. జీడిపిక్కల పాలు తగిలి నల్లబడిన చేతులు ఆవిడ చిన్నప్పటి నుంచీ చూసినవే. రెండు దేశాల స్నేహానికి గుర్తుగా ఆ రోడ్డును గురించి తర్వాత చాలాసార్లు విన్నాను. రాళ్ళు కొట్టిన ఆ చేతుల ప్రసక్తి మాత్రం వినలేదు.

హా లోయ సముద్రమట్టానికి దాదాపు 2,700 మీటర్ల ఎత్తున ఉంది. మధ్యగా ఏరు. ఒక పక్క తెల్ల గుడి, మరో పక్క నల్ల గుడి. ఒకదాని పక్కన ఒకటి నిలబడ్డ మూడు కొండలు. వాటిని అక్కడివాళ్ళు దేవతలుగా కొలుస్తారు. చలికాలంలో కుళాయి నీళ్ళు గడ్డకట్టేవి. మాకిచ్చిన క్వార్టరులో ఇనప బుఖారీ ఉండేది. సాయంత్రమైతే ముగ్గురం దాని చుట్టూ చేరేవాళ్ళం. అమ్మ పలాసలో కొని తెచ్చిన పెద్దబాలశిక్ష ఒళ్ళో పెట్టుకుని నాకు తెలుగు చెప్పేది. బడిలో ఇంగ్లీషూ, జోంఖా, శిబిరంలో హిందీ. తెలుగు ఆ బుఖారీ పక్కన మాత్రమే. "ఇది మర్చిపోతే మీ నాయనమ్మకు ఉత్తరమెవడు రాస్తాడు?" అనేది అమ్మ. నేను తెలుగు మాస్టారిని కావడానికి విశ్వవిద్యాలయం కన్నా ఆ బుఖారీయే ఎక్కువ కారణం.

బడి శిబిరం బయట లోయలో ఉండేది. పిల్లలందరూ ఘో, కీరా కట్టుకుని వచ్చేవాళ్ళు. నేను ప్యాంటూ చొక్కా వేసుకుని వెళ్ళేవాణ్ణి. నా పక్కన ఒక రైతుబిడ్డ కూర్చునేవాడు. వాడి పేరు ఇక్కడ రాయను. వాళ్ళకు బంగాళాదుంపల మడీ, నాలుగు జడలబర్రెలూ ఉండేవి. శరత్కాలంలో వాళ్ళ ఇంటి కప్పు మీద ఎర్ర మిరపకాయలు ఆరబోసేవారు. మా అమ్మ అది చూసి, పరాయి దేశంలో అడుగుపెట్టాక మొదటిసారి తృప్తిగా నవ్వింది. మిరపకాయలూ జున్నూ కలిపి వాళ్ళు చేసే ఎమా దత్సీ కూరను ఆవిడ రెండు వారాల్లో నేర్చుకుంది. చలికాలంలో లోంబా పండగ వచ్చినప్పుడు వాడు గుడ్డలో మూటగట్టి హోంతేలు తెచ్చాడు. కొన్ని ధాన్యాల పిండితో చేసి, లోపల ఆకుకూరా జున్నూ కూరిన కుడుములవి. సంక్రాంతికి అమ్మ అరిసెలు చేసి అదే గుడ్డలో తిరిగి పంపింది. ఖాళీ గుడ్డ పంపకూడదని అటువాళ్ళూ అనుకున్నారు, ఇటువాళ్ళూ అనుకున్నారు. మూడేళ్ళూ ఆ గుడ్డ అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

ఒకనాడు బడి నుంచి వస్తుండగా వాడు జాంగ్ కేసి చూపించాడు. జాంగ్ అంటే కోట. భూటాన్‌లో ప్రతి జిల్లాకూ ఒక జాంగ్ ఉంటుంది. అందులో ఒక సగం బౌద్ధ భిక్షువులు, ఒక సగం జిల్లా కచేరీ. మేమున్న రోజుల్లో హా జాంగ్‌లో మాత్రం మన శిక్షణ బృందం ఉండేది. "అన్ని చోట్లా జాంగ్‌లో మావాళ్ళుంటారు. ఇక్కడ మీరెందుకున్నారు?" అని అడిగాడు వాడు. కోపంతో అడగలేదు. ఆకాశం నీలంగా ఎందుకుందని అడిగినట్టు అడిగాడు. శిబిరంలో పెద్దలు అనుకునే మాటలు నాకు వచ్చు గనక, "మిమ్మల్ని కాపాడటానికి" అన్నాను. వాడు కాసేపు నడిచి, "మమ్మల్నెవరు కొడుతున్నారు?" అన్నాడు.

ఇంటికి వచ్చి నాన్నను అడిగాను. ఆయన గదిలో కూర్చుని బూట్లకు పాలిష్ పెడుతున్నాడు. "పోస్టింగిచ్చినారు, వచ్చినాను" అన్నాడు. నేను వదలకుండా, "వాళ్ళు రమ్మన్నారా?" అన్నాను. ఆయన బ్రష్ ఆపి, "రాజులూ మంత్రులూ రమ్మనుంటారు. ఆ కుర్రాడి అమ్మానాన్నల్ని ఎవరడుగుతారు? నన్ను మాత్రం ఎవరడిగినారు?" అన్నాడు. సిద్ధాంత గ్రంథాలు చదవని మనిషి చెప్పిన మాట ఇది. దీని విలువ నాకు పదిహేనేళ్ళకు గాని తెలియలేదు.

1999 వేసవిలో రెండు సంగతులు ఒకేసారి జరిగాయి. జూన్‌లో భూటాన్‌కు టెలివిజన్ వచ్చింది. అంతవరకూ ఆ దేశంలో ప్రసారాలు లేవు. అదే సమయంలో కార్గిల్‌లో యుద్ధం నడుస్తున్నది. శిబిరంలో ఆడవాళ్ళందరూ రేడియో దగ్గరే ఉండేవాళ్ళు. మా పక్కింటి ఆమె తమ్ముడు కాశ్మీరులో ఉన్నాడు. ఆమె నెలరోజులపాటు రాత్రులు నిద్రపోలేదు. జూలై 26న యుద్ధం ముగిసిందన్న వార్త వచ్చి మిఠాయి పంచారు. ఆమె తమ్ముడు క్షేమమే. అయినా ఆమె మిఠాయి ముట్టలేదు. "మా వాడు బతికాడని తింటే, బతకనివాళ్ళ తల్లుల ఉసురు తగులుతుంది" అని హిందీలో మా అమ్మతో అంది. యుద్ధం గురించి ఆ తర్వాత ఎన్నో ఉపన్యాసాలు విన్నాను, కొన్ని నేనే ఇచ్చాను. వాటిలో చాలావాటికన్నా ఆమె మాటలో ఆలోచన ఎక్కువ ఉంది.

2000 మొదట్లో నాన్నకు బదిలీ అయింది. వచ్చేరోజున ఆ గుడ్డ మా ఇంట్లో ఉండిపోయింది. అమ్మ దాన్ని ఇప్పటికీ దాచింది.

ఇంతవరకూ చెప్పింది నా జ్ఞాపకం. ఇక్కడితో ఆపితే ఇది ముచ్చటైన బాల్యమే అవుతుంది. కాని నేను విశాఖలో ఎం.ఏ. చదువుతున్న రోజుల్లో, గ్రంథాలయంలో భూటాన్ గురించి ఒక పుస్తకం దొరికింది. నా లోయ బొమ్మ ఉంటుందని తెరిచాను. అందులో ఉన్నది వేరు.

భూటాన్ దక్షిణ జిల్లాల్లో నేపాలీ మాట్లాడే రైతులుండేవారు. 1985లో పౌరసత్వ చట్టం మార్చారు. 1988లో జనాభా లెక్కలు తీస్తూ, 1958 నాటికి అక్కడ ఉన్నట్టు పన్ను రశీదు వంటి ఆధారం చూపలేనివాడు పౌరుడు కాడన్నారు. 1989లో ఉత్తరాది దుస్తులూ మర్యాదలూ అందరూ పాటించాలన్నారు. ఆ ఏడే దక్షిణాది బడుల్లో నేపాలీ భాషను పాఠాల్లోంచి తీసేశారు. నిరసనలు, అరెస్టులు జరిగాయి. తర్వాత లక్ష పైచిలుకు జనం దేశం వదిలి తూర్పు నేపాల్‌లోని ఝాపా, మొరంగ్ జిల్లాల శిబిరాల్లో చేరారు. ఆనాటి భూటాన్ జనాభాలో అది చాలా పెద్ద భాగం. నేను బుఖారీ పక్కన అక్షరాలు దిద్దుకున్న మూడేళ్ళూ వాళ్ళు ఆ శిబిరాల్లో వెదురు గుడిసెల్లో ఉన్నారు.

పుస్తకం మూసేసి చాలాసేపు కూర్చున్నాను. నా తల్లి నాకు తెలుగు నేర్పగలిగింది. ఎందుకు? మేము బలమైన దేశపు సైనికుడి కుటుంబం. మా భాష జోలికి ఎవరూ రారు. అదే దేశంలో పుట్టి, అక్కడి నేల దున్నినవాడి బిడ్డకు తన భాష బడిలో లేకుండా పోయింది. నేను బడికి ప్యాంటు వేసుకుని వెళ్ళడం నాకొక చిన్న గర్వంగా ఉండేది. ఏ బట్ట కట్టుకోవాలన్న ప్రశ్న మీద జనం ఊళ్ళు వదులుకుంటున్న దేశంలో నేను ఆ గర్వం పడ్డాను. నాకది తెలియదు. తెలియకపోవడం పిల్లవాడి తప్పు కాదు. కాని తెలిశాక కూడా బాల్యాన్ని మొదట్లాగే చెప్పుకోవడం పెద్దవాడి తప్పే.

మరొక సంగతి కూడా మనవాళ్ళు తెలుసుకోవలసి ఉంది. భూటాన్‌కూ నేపాల్‌కూ మధ్య సరిహద్దు లేదు. నడుమ ఉన్నది మన భూమి. ఆ జనం మన నేల మీదుగానే నేపాల్ చేరారు. 1996లో శరణార్థులు శాంతియుతంగా నడిచి తమ దేశానికి తిరిగి వెళ్ళబోతే మేచీ నది దాటగానే మన పోలీసులు అరెస్టు చేశారు. ఇది ఆ రెండు దేశాల గొడవ, మాకు సంబంధం లేదని ఢిల్లీ చెబుతూ వచ్చింది. వాళ్ళను అరెస్టు చేసిన పోలీసులు పశ్చిమ బెంగాల్ పోలీసులు. ఆ రోజుల్లో అక్కడ అధికారంలో ఉన్నది వామపక్ష ప్రభుత్వం. పేద రైతులు కాలినడకన ఇంటికి వెళ్ళబోతుంటే మనం మనవాళ్ళనుకున్న ప్రభుత్వం కూడా దారి ఇవ్వలేదు. ఇది రాయడం నాకు సులువు కాదు. శత్రువు తప్పులు మాత్రమే లెక్కించేవాడు విమర్శకుడు కాలేడు గనక రాస్తున్నాను.

ఆ రోజుల్లో వేడి మీద ఉన్నాను. 1949 నాటి ఒప్పందం రెండో అధికరణం ప్రకారం విదేశీ వ్యవహారాల్లో భూటాన్ భారతదేశపు సలహా మేరకు నడవాలి. 2007లో గాని దాన్ని మార్చలేదు. ఇవన్నీ చదివి, చర్చావేదికలో చిన్న దేశాల మీద పెద్ద దేశాల పెత్తనం గురించి ఆవేశంగా మాట్లాడాను. సెలవులకు ఇంటికి వచ్చి అదే ప్రసంగం అన్నం తింటూ మళ్ళీ చేశాను. నాన్న అప్పటికి సైన్యం నుంచి రిటైరై ఒక బ్యాంకు దగ్గర కాపలా ఉద్యోగం చేస్తున్నాడు. అంతా విని, చెయ్యి కడుక్కుంటూ, "ఆ లోయలో ముసలోళ్ళ పుళ్ళకి కట్లు కట్టినాను. కాన్పులకి అర్ధరాత్రి మంచులో డాక్టరు వెంట నడిచినాను. అదీ పెత్తనమేనా?" అని అడిగాడు.

నేను జవాబు చెప్పలేదు. మిత్రుల దగ్గర నా బాల్యం దాచడం అప్పటి నుంచే మొదలైంది. ఇంట్లో పెత్తనం మాట ఎత్తను. బయట నాన్న మాట ఎత్తను. రెండు చోట్లా సగం మనిషిగా చలామణీ అయ్యాను.

ఇప్పుడు నాకు తోస్తున్న జవాబు ఇది. కట్టు కట్టడం పెత్తనం కాదు. కాని కట్టు కట్టే మనిషిని అక్కడికి పంపిన శక్తికి కట్టు ఒక్కటే ఉద్దేశం కాదు. టిబెట్‌లోకి చైనా వచ్చాక మన పాలకులకు ఆ కొండల అవసరం పడింది. 1958లో నెహ్రూ నాథూ లా దాటి, చుంబీ లోయ గుండా కొండదారుల్లో ప్రయాణం చేసి పారో చేరాడు. మూడేళ్ళకు రోడ్డు మొదలైంది, నాలుగేళ్ళకు సైనిక బృందం వెళ్ళింది. ఆ రోడ్డు మీద బియ్యం వెళ్ళింది, మందులు వెళ్ళాయి, పంతుళ్ళు వెళ్ళారు. భూటాన్ ప్రజలకు దానివల్ల మేలు జరగలేదనడం అసత్యం. ఆ మేలు కోసమే రోడ్డు వేశారనడమూ అసత్యమే. మా నాన్న మంచితనం నిజం. ఆ మంచితనాన్ని ఒక ప్రభుత్వం తన అవసరానికి వాడుకోవడమూ నిజం. ఒకటి ఒప్పుకున్నందుకు రెండోది కాదనవలసిన పని లేదు.

మా నాయనమ్మ "రంగం" అన్నందుకు నవ్వలేనన్నాను. రంగూన్ రేవులో మనవాళ్ళను కోరంగీలనేవారు. ఆకలికి తాళలేక వెళ్ళిన కూలీలు వాళ్ళు. కాని తెల్లవాడి సామ్రాజ్యం ఓడలో వెళ్ళారు గనక బర్మావాడి కళ్ళకు ఆ సామ్రాజ్యంలో భాగంగానే కనిపించారు. 1930లో రేవులో మన తెలుగు కూలీలు సమ్మె చేస్తే వాళ్ళ స్థానంలో బర్మా కూలీలను దింపారు. సమ్మె తీరాక వాళ్ళను వెళ్ళగొట్టారు. చివరికి పేదవాడూ పేదవాడూ కొట్టుకుని చచ్చారు. తగువు పెట్టినవాళ్ళు బాగానే ఉన్నారు. మా ముత్తాత మూట మోశాడు, మా నాన్న కట్టు కట్టాడు. ఇద్దరూ పరాయి నేల మీదికి తమ ఆకలితో వెళ్ళారు, ఇంకొకరి అవసరం మీద వెళ్ళారు. నాయనమ్మ దేశం పేరు తప్పు చెప్పింది గాని సంగతి తప్పు చెప్పలేదు.

2017 వేసవిలో డోక్లాం పీఠభూమి మీద మన సైన్యమూ చైనా సైన్యమూ 73 రోజులు ఎదురెదురుగా నిలబడ్డాయి. డోక్లాం మా హా లోయకు పడమట ఉంటుంది. ఊళ్ళో మా ఇంట్లో టీవీలో అరుపులు. బాణాలు గీసిన పటం చూపించి, ఎవరు ఎవరికి బుద్ధి చెప్పాలో వివరిస్తున్నారు. ఆ పటంలో రెండు సైన్యాలున్నాయి గాని భూటాన్ మనిషి ఒక్కడూ లేడు. నాన్న కళ్ళజోడు సర్దుకుని దగ్గరగా వెళ్ళి చూశాడు. "ఆ కుర్రాడి దుంపల మడి ఈ పక్కనే కదరా" అన్నాడు. నేను అవునన్నాను. చాలా ఏళ్ళ తర్వాత మేమిద్దరం ఒక మాట మీద నిలబడ్డాం.

నేను చదివినంతలో, మన అభ్యుదయ సాహిత్యంలో రైతుకూ కూలీకీ దొరికిన చోటు, సైన్యానికి వెళ్ళిన రైతుబిడ్డకు గాని, అతని క్వార్టరులో పెరిగిన పిల్లలకు గాని దొరకలేదు. ఆ పని వీరగాథలు రాసేవాళ్ళకు వదిలేశాం. ఉత్తరాంధ్రలో, పల్నాటిలో, ప్రకాశం జిల్లాలో, ఎక్కడి నుంచైనా సరే, అటువంటి ఇళ్ళ నుంచి వచ్చిన విద్యార్థులు మన తరగతుల్లో కూర్చుంటున్నారు. వాళ్ళు తమ బాల్యాన్ని నాలాగా దాచుకోకుండా రాయాలి. అమ్మ చెప్పిన అక్షరాలు రాయాలి, రోడ్డు పక్కన రాళ్ళు కొట్టిన చేతులు రాయాలి, తమకు ఆ వయసులో కనిపించని శిబిరాలను తర్వాత చదివి తెలుసుకుని అవీ రాయాలి. చిరునామాలో ఊరి పేరు ప్రభుత్వాలు రాయనివ్వకపోవచ్చు. వ్యాసంలో రాయడానికి అడ్డేమీ లేదు.